అడుగు తగలని నేల

పోయిన వారం మా వీధిలో పూడిపోయిన మురుగుకాలువని తవ్వారు. ఏళ్ళ తరబడి అడుగున కూచున్న నల్లబురదని ఎత్తి ఇళ్ళ ముందు కుప్పలు పోశారు. పొద్దున నేను తలుపు తీశానో లేదో ఆ వాసన గుప్పుమని కొట్టింది. వీధిలో వాళ్ళంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, తవ్వినవాళ్ళని తిట్టుకుంటూ తిరుగుతున్నారు. నాకు మాత్రం మోకాళ్ళ కింద కాళ్ళు లేనట్టయింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. తలుపు రెక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పక్కింటావిడ చూసి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నానని చెప్పి పంపించేశాను. నలభై దాటిన మనిషిని, రోజూ ఆస్పత్రిలో నానా రకాల వాసనల మధ్య పనిచేసేదాన్ని, బురద వాసనకి హడలిపోయానంటే ఎవరు నమ్ముతారు? నమ్మించాలంటే ముందు దీనమ్మ గారి గురించి చెప్పాలి. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నేను నెల్లూరులో ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఆ గదికి ఆమే పెద్ద. బక్కపలచని మనిషి, నా భుజం దాకా వచ్చేది. ఎప్పుడూ గంజి పెట్టిన నూలుచీరే. కొంగుకి, కుచ్చెళ్ళకి లెక్కకి మించి పిన్నీసులు. చేతిసంచిలో బైబిలు, టార్చిలైటు, విజిలు, కట్టుగుడ్డ, ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లం ఉండేవి. అంత పిరికి మనిషిని నేను అంతకుముందు చూడలేదు. లిఫ్టు ఎక్కేది కాదు, మూడంతస్తులూ మెట్ల మీదే. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకునేది. గదికి తాళం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి లాగి చూసి, మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చేది. మేం చిన్నవాళ్ళం క్యాంటీనులో కూచుని ఆమెలా నడిచి చూపించి నవ్వుకునేవాళ్ళం. అందరికంటే బాగా నడిచి చూపించేది నేనే. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

పనిలో మాత్రం ఆమె దగ్గర నవ్వులాటలు సాగేవి కావు. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు మేం మూడు మాటలు చెప్తాం. ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి. చేరిన మొదటి వారంలోనే నేనొక ముసలాయనకి మొదటి రెండూ చెప్పి, బొమ్మ తీసి, అది ఎలా వచ్చిందో చూసుకునే సంబరంలో మూడో మాట మర్చిపోయాను. పాపం ఆయన ఎక్స్‌రే పలక ముందు నిలబడి అలాగే బిగబట్టి ఉన్నాడు. మొహం కందగడ్డయింది. దీనమ్మ గారు పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చి వదలండయ్యా వదలండి అని ఆయన వీపు నిమిరారు. ఆయన వెళ్ళిపోయాక నన్ను గట్టిగా తిడతారనుకున్నాను. తిట్టలేదు. దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పారు. "నువ్వు వదలమనేదాకా ఆయన వదలడు. నీ మాట మీద నిలబడి ఉండాడు. మనిషిని అట్టా నిలబెట్టి మర్చిపోబాక."

ఆ గదిలో గోడకి ఒక ఫొటో ఉండేది. కింది సగం తెలుపు, పై సగం ఇంకాస్త మురికి తెలుపు, మధ్యలో సన్నటి గీత. అంతే. నాకు నోటి దురద ఎక్కువ. ఒకరోజు, ఇది ఎవరి ఛాతీ మేడమ్, లోపల ఒక్క ఎముక కూడా లేదేంటి అన్నాను. ఆమె నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. అది పులికాట్ సరస్సట. ఎండాకాలంలో నీళ్ళు ఇంకిపోయి, నేల మీద ఉప్పు తేలినప్పుడు తీసిందట. ఎవరు తీశారంటే నేనే అన్నారు. నేను నమ్మలేదు. లిఫ్టు ఎక్కని మనిషి సరస్సు నడిమధ్యకి వెళ్ళి ఫొటో తియ్యడమేంటి? కానీ నిజమే. పెళ్ళి చేసుకోలేదు, మూలాపేటలో రెండు గదుల ఇల్లు, సెలవు దొరికితే కెమెరా సంచి భుజానికేసుకుని సముద్రం వైపు పోవడం. ఆమె లోకం అది. తీసిన బొమ్మలు ఎవరికీ చూపించేది కాదు, ఏ పోటీకీ పంపేది కాదు. నాకు ఆశ పుట్టింది. నన్నూ తీసుకెళ్ళమని చెవిలో జోరీగలా పోరాను. అలా మేడమ్ కాస్తా అక్క అయింది.

మొదటిసారి ముత్తుకూరు దాటి వెళ్ళాం. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు వెనకపడేదాకా ఆటోలో పోయి, సర్కారు తుమ్మలు తప్ప ఏమీ లేని ఇసుకనేల దగ్గర దిగాం. గొంతు తడారిపోయే ఎండ. నేను ఫోను తీసి టపటపా కొట్టడం మొదలుపెట్టాను. ఆమె కెమెరా సంచి జిప్పు కూడా తియ్యలేదు. పది నిమిషాలు అటూ ఇటూ చూస్తూ నిలబడింది. ఏం చూస్తున్నారక్కా అంటే, తిరిగొచ్చే దారి చూసుకుంటున్నానంది. ముందు అది, తరవాతే బొమ్మ. తుమ్మకొమ్మలు విరిచి, యాభై అడుగులకొకటి నేలలో గుచ్చుకుంటూ నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ కొమ్మలు వరసగా కనపడాలి. ఒక్కటి కనపడకపోయినా వెనక్కి వెళ్ళి సరిచేసేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

కానీ చూడటం నేర్పింది అక్కడే. నా ఫోను చూసి, ఆ చెట్టు తీసెయ్ అంది. చెట్టు రాకుండా నిలబడి తీశాను. ఆ పడవ తీసెయ్. పడవని వదిలేశాను. ఆ మేఘం కూడా వద్దు. ఇక ఏముందక్కా ఇందులో, మిగిలింది బోడి నేలే గదా అని విసుక్కున్నాను. ఉండేదే మిగిలింది గదా, ఇప్పుడు దాన్ని చూడు అంది. చూశాను. చాలాసేపు చూశాక ఆ బోడినేల బోడిగా లేదు. గాలి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో ఇసుక మీద రాసి ఉంది. ఎక్కడ తడి ఉందో రంగు చెప్తోంది. ఆమెకి ఎక్స్‌రే చదవడం, నేలని చదవడం ఒకటే పని అని నాకు అప్పుడు అర్థమైంది. నా కళ్ళు తెరిపించింది ఆమే, అందులో అనుమానం లేదు.

అయితే ఆ భయాలతోనే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి మూడు కుక్కలు అడ్డం వచ్చాయని తిరిగొచ్చేశాం. ఒకసారి నేల మెత్తగా ఉందేమోనని అనుమానం వచ్చి ఒక్క బొమ్మ తియ్యకుండా వచ్చేశాం. ఆ రోజు బస్సులో ఉండబట్టలేక అడిగేశాను. ఇంత భయం పెట్టుకుని అసలు బయటికెందుకు వస్తారు అని. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తాపీగా చెప్పింది. "భయంగా ఉంటే భయంగా ఉండాదని నోటితో చెప్పాల. చెప్పకుండా దాచిపెట్టుకుంటే అది కాళ్ళల్లోకి దిగతాది." నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాకు ఏ భయాలూ లేవని గట్టి నమ్మకం.

ఆమెకి ఒక కోరిక ఉండేది. ఎండాకాలం చివర్లో, దక్షిణపు గాలి బాగా తిరిగిన రోజున, ఎండిపోయిన సరస్సు నేల మీదికి మొదటిసారి నీళ్ళు ఎక్కొస్తాయి. లోతట్టున ఉన్న నీళ్ళని గాలి నెట్టుకుంటూ వస్తుందట. అక్కడి జాలరి పెద్దాయన ఒకాయన ఆమెకి చెప్పాడు, నేల మీద ఎవరో చాప పరుచుకుంటూ వచ్చినట్టుంటుందని. ఆ నీళ్ళు వచ్చే ఘడియని బొమ్మ తియ్యాలని నాలుగు వేసవులుగా తిరుగుతోంది. ఎప్పుడు వెళ్ళినా ఒకరోజు ముందో, ఒకరోజు తరవాతో. చలికాలంలో రాజహంసల కోసం బారెడు గొట్టాల కెమెరాలు వేసుకుని జనం తిరనాళ్ళలా వస్తారు. ఆ రోజుల్లో ఆమె అటు తొంగిచూసేది కూడా కాదు. పిట్టలూ మనుషులూ ఖాళీ చేశాక, నేల పగిలి, కాకి కూడా వాలని రోజుల్లో బయల్దేరేది. ఆ ఒక్క బొమ్మ దొరికితే చాలు, తరవాత కెమెరా నీకిచ్చేస్తా అనేది నాతో.

రోహిణి కార్తెలో ఒకరోజు ఇద్దరికీ సెలవు దొరికింది. రైల్లో దొరవారిసత్రంలో దిగి, ఆటోలో సరస్సు ఒడ్డున ఉన్న చివరి ఊరికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ జాలరి పెద్దాయన గాలి చూసి, ఇయ్యాలో రేపో ఎక్కొస్తాయమ్మా అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది, వెంటనే వాడిపోయింది కూడా. నడుస్తున్నంతసేపూ, నాకు భయంగా ఉండాది సుజాతా, అయినా పోదాం అని రెండు మూడుసార్లు అంది. కొమ్మలు గుచ్చుకుంటూ, కెమెరా స్టాండు కాలితో నేలని పొడిచి చూసుకుంటూ, మైలు పైనే లోపలికి వెళ్ళాం. ఎటు చూసినా తెల్లటి నేల, దాని మీద ఎండ. దూరంగా ఒడ్డు వణుకుతూ కనిపిస్తోంది. మాట్లాడితే మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది. గట్టిగా ఉన్నచోట స్టాండు నిలబెట్టి, కెమెరాని దక్షిణానికి తిప్పి, అంతా సరిచూసుకుని, ఇక ఎదురుచూడటమే అంది. దాని చుట్టూ నాలుగు కొమ్మలు గుచ్చి, ఇవి దాటి పోబాక అని నాకు మరీ మరీ చెప్పింది.

గంట ఎదురుచూశాను. గంటన్నర. ఎదురుచూడటం నా జాతకంలో లేదు. ఆమె కెమెరాకి కన్ను ఆనించి ఉంది. ఉత్తరం వైపు ఒకచోట ఉప్పు పెచ్చు మీద గేదెల అడుగుల జాడ కనిపించింది. మెలికలు తిరుగుతూ పోతోంది, బొమ్మకి బాగుంటుందనిపించింది. ఆ జాడ పట్టుకుని నడిచాను. ఇక్కడ నా గురించి చెప్పాలి. మాది పెన్నా కాలువ కింద ఊరు. మా వైపు వరిమడిని కయ్య అంటాం. ఊహ తెలిసినప్పటి నుంచీ దమ్ము చేసిన కయ్యల్లో దిగినదాన్ని, మా అమ్మతో పాటు నాట్లు వేసినదాన్ని. గొడ్డు నడిచిన చోట మనిషి నడవొచ్చు. బురద ఎంత ఉన్నా మోకాలి దగ్గర గట్టి అడుగు తగులుతుంది. కాలు దిగబడితే మడమ తిప్పి లాగి, ఆగకుండా రెండో అడుగు వెయ్యాలి, ఆగితేనే ఇరుక్కుంటాం. ఇవి మాకు ఎవరూ నేర్పరు, నడకతో పాటు వస్తాయి. బురదంటే నాకు భయమేంటి?

స్టాండుకి వంద అడుగుల దూరంలో పెచ్చు అప్పడంలా విరిగింది. కాలు చీలమండ దాకా దిగింది. ఆ ఎండలో లోపలి బురద చల్లగా హాయిగా తగిలింది కూడా. నవ్వుతూ వెనక్కి తిరిగి, అక్కా ఈడ మా కయ్య లాగా ఉండాది అని కేకేశాను. మడమ తిప్పి లాగి రెండో అడుగు వేశాను. అది పిక్క దాకా దిగింది. మూడోది మోకాలి దాకా. ఇక అడుగు తగులుతుంది, ఇక తగులుతుంది అనుకుంటూ బలంగా తొక్కాను. తగల్లేదు. తొక్కినకొద్దీ తొడల దాకా, తరవాత నడుం దాకా. అప్పుడొచ్చింది ఆ వాసన, లోపలి నుంచి బుడగలతో పాటు. గేదెలు ఆ చోటికి వచ్చింది నడవడానికి కాదు, పొర్లడానికి. వాటికి నాలుగు కాళ్ళూ పెద్ద పొట్టా ఉన్నాయి, ఎలాగో లేచి పోతాయి. గొడ్డు అడుగు చూసి కింద అడుగుంటుందని నమ్మాను. కయ్యలో నేర్చుకున్న తెలివి అంతా నన్ను ఇంకా కిందికి తొక్కేసింది.

అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. దీనమ్మ గారు కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరిగెత్తుకొచ్చింది. వచ్చి, నాకు ఇరవై అడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయింది. నాకు ఇప్పటికీ కలలో వచ్చేది ఆ ఆగడమే. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు చూసింది, నేల వైపు చూసింది, ఒడ్డు వైపు చూసింది. ఆ ఒడ్డు వైపు చూసినప్పుడు, ఈమె వెళ్ళిపోతుంది అనుకున్నాను. వెళ్ళిపోతే నేను ఏమీ అనలేను. మైలు దూరంలో ఉన్న ఊరికి పోయి మనుషుల్ని తీసుకురావాలనుకోవడమూ న్యాయమే. వాళ్ళు వచ్చేసరికి నేనుండను, అంతే. అప్పుడు ఆమె, "సుజాతా, నాకు శానా భయంగా ఉండాది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరికాళ్ళు ఎక్కడున్నాయో తెలియని ఆ స్థితిలో కూడా. చస్తున్నది నేను, భయం సంగతి చెప్తున్నది ఈమె.

చెప్పేసి, పిన్నీసులు తియ్యడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. చీర మొత్తం విప్పేసింది. పరాయి మగవాడి ఎదుట కొంగు జారనివ్వని మనిషి, చర్చిలో తల మీద ముసుగు తియ్యని మనిషి, ఆ ఎండలో, ఆ బట్టబయట లంగా జాకెట్టుతో నిలబడింది. చీరని పొడవుగా మడిచి బురద మీద నా వైపు పరిచి, దాని మీద బోర్లా పడుకుని, మోచేతులతో పాక్కుంటూ వచ్చింది. ఏడుస్తోంది. ఏడుస్తూనే వస్తోంది. చీర కొన నా చంకల కింద నుంచి చుట్టి ముడి వేసి, నా రెండు మణికట్లూ పట్టుకుంది. ఇద్దరి మొహాల మధ్య మూరెడు దూరం. వెనక్కి వాలి పడుకో అంది. నేను వాలలేదు. బురదలో కూలబడ్డ మనిషి లేవలేదని మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ భయపెట్టారు. కాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాను. కొట్టుకున్నప్పుడల్లా వేలెడు దిగుతున్నాను.

అప్పుడు ఆమె గొంతు మారింది. ఎక్స్‌రే గది గొంతు. గట్టిగా కాదు, తొందరగా కాదు. "ఊపిరి పీల్చు. బిగబట్టు. కదలబాక." నా ఒళ్ళు నాకు తెలియకుండానే విన్నది. రోజుకి వందసార్లు నేను ఇంకొకరికి చెప్పే మాటలు. బిగబట్టాను. కదల్లేదు. నిండిన ఊపిరితో ఛాతీ కొంచెం పైకి తేలినట్టయింది. ఆమె నన్ను వెనక్కి వాల్చింది. వదులు అంది. మళ్ళీ పీల్చు అంది. ఒక్కసారి కూడా వదులు అనడం మర్చిపోలేదు. అలా ఎన్ని ఊపిరులో. ప్రతి ఊపిరికీ ఒక కాలిని గోరంత కదిలించమనేది. నా మొహం దక్షిణం వైపు, ఆమె వీపు దక్షిణం వైపు. ఆమె భుజం మీదుగా నాకు దూరంగా స్టాండు మీద కెమెరా కనిపిస్తోంది.

అప్పుడే దక్షిణాన నేల రంగు మారింది. నీళ్ళు ఎక్కొస్తున్నాయి. ఆమె నాలుగు వేసవులు ఎదురుచూసిన నీళ్ళు. చెప్పబోయాను. నోరు తెరిచానో లేదో, మాట్లాడబాక, బిగబట్టు అంది. బిగబట్టాను. కెమెరాని దాటి వచ్చాయి. ఆమె పాదాల్ని తాకాయి. నా మెడ కిందికి వచ్చాయి. ఇక అయిపోయింది, మునిగిపోతున్నాను అనుకుని కళ్ళు మూసుకున్నాను. కానీ నీళ్ళు లోపలికి జారాక బురద పట్టు సడలింది. కుడి కాలు జర్రుమని వచ్చింది, తరవాత రెండోది. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. ఇద్దరం జానెడు నీళ్ళలో, బల్లుల్లా పాక్కుంటూ గట్టినేల చేరాం.

ఎంతసేపు పడుకున్నామో. లేచేసరికి సరస్సంతా ఒకటే నీటి పొర, ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తనో తెలిసే దారి లేదు. నేను నవ్వుకున్న తుమ్మకొమ్మలు మాత్రం నీళ్ళలోంచి వరసగా తలెత్తి ఉన్నాయి. బురద చీరనే చుట్టుకుని, కెమెరా విప్పి సంచిలో పెట్టుకుని ఆమె ముందు నడిచింది. ఒక కొమ్మ దగ్గర ఆగి, రెండో కొమ్మ కనపడ్డాకే కదిలేది. నేను ఆమె నడుం పట్టుకుని నడిచాను. ఊరి ఆడవాళ్ళు నీళ్ళు పోసి, పాత చీరలిచ్చి పంపించారు. ఎవరికీ చెప్పుకోవద్దని మేం అనుకోలేదు గానీ, ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ తరవాత ఆమె రోహిణి కార్తెలో సరస్సు వైపు వెళ్ళలేదు. కెమెరా నాకు ఇవ్వనూ లేదు. నన్ను తినేసిన సంగతి అది. ప్రాణం పోయే చోట నా వల్ల ఆమె నిలబడాల్సి వచ్చిందని ఒక బాధ అయితే, జీవితంలో అడిగిన ఒకే ఒక్క బొమ్మ ఆమె వీపు వెనకే వచ్చి, నా మూలాన దక్కకుండా పోయిందని ఇంకో బాధ. దానికి తోడు ఏడాదికి రెండు మూడుసార్లయినా, పనిలేని మధ్యాహ్నాల్లో ఆమె నన్ను అడిగేది. ఆ రోజు నీళ్ళు వచ్చినప్పుడు ఎట్టా ఉన్నింది సుజాతా? నేను గుర్తులేదక్కా అనేదాన్ని. కళ్ళు మూసుకున్నానక్కా అనేదాన్ని. పచ్చి అబద్ధం. ప్రతి క్షణమూ గుర్తుంది. చెప్తే మళ్ళీ ఆ బురదలో నిలబడాలి. చెప్తే ఆమె పోగొట్టుకున్నది ఏమిటో ఆమెకి తెలిసిపోతుంది. ఆమె సరేలే అని ఊరుకునేది, మళ్ళీ కొన్నాళ్ళకి అడిగేది. పదేళ్ళు దాటినా మానలేదు.

ఆమె రిటైరయి, గుండె జబ్బుతో ఇంటిపట్టున ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూచుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. కాసేపు ఆస్పత్రి కబుర్లు అయ్యాక మళ్ళీ అడిగింది. ఆ రోజు నాకు అబద్ధం నోటికి రాలేదు. చెప్పాను. అక్కా, అది మెరుస్తూ రాలేదు. చాప పరిచినట్టు కూడా లేదు. బూడిద రంగులో ఉంది. శబ్దం లేదు. అంచున నురగ, ఎండుగడ్డి, పిట్టల ఈకలు దొర్లుకుంటూ వచ్చాయి. దానికంటే ముందు పురుగులూ పిల్ల ఎండ్రకాయలూ వేలకి వేలు పరిగెత్తుకొచ్చాయి, అవి మీ కాళ్ళ మీదుగా ఎక్కిపోయాయి. వెనక ఆకాశానికీ నీళ్ళకీ మధ్య గీత లేదు. లోకమే మన మీదికి జారుతున్నట్టుంది. ఇంత అందమైంది నేను మళ్ళీ చూడలేదు, ఇంత భయంకరమైందీ చూడలేదు. అంటూ అంటూ ఏడ్చేశాను. మీ బొమ్మ నా వల్లే పోయిందక్కా, ఒక్కసారి వెనక్కి తిరిగి కళ్ళతోనైనా చూసుకోలేకపోయారు, వస్తున్నాయని చెప్పబోయాను, మీరే మాట్లాడొద్దన్నారు అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని అంతా వింది. తరవాత చెప్పింది. నీళ్ళు వస్తున్నాయని ఆమెకి ముందే తెలుసట. నా మొహం చూస్తూనే ఉంది గదా, ఎంత దూరంలో ఉన్నాయో, కెమెరా దాటాయో లేదో కూడా నా మొహంలోనే తెలిసిపోయిందట. నోరు తెరిస్తే ఆ మాట చెప్పేస్తానని, అందుకే మాట్లాడనివ్వలేదట. మరి తెలిసి కూడా ఎందుకు తిరిగి చూడలేదక్కా అన్నాను. నా కోసమే అంటుందనుకున్నాను. అలా అంటే ఆ బరువు ఎలా మొయ్యాలా అని కూడా అనుకున్నాను.

"తిరిగి చూసుంటే నిన్ను వదిలేసి పరిగెత్తేదాన్ని సుజాతా" అంది. "నా సంగతి నాకు తెలుసు."

ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బొమ్మ గురించి ఆమె ఏ రోజూ బాధపడలేదట. దేన్ని చూసి ఉంటే పారిపోయేదో తెలుసుకుందామనే ఇన్నాళ్ళూ అడిగిందట. ఇప్పుడు తెలిసింది, అంత ఉన్నింది గదా, పరిగెత్తినా తప్పు లేకుండేది అని నవ్వింది. ఆ చలికాలంలోనే ఆమె పోయింది. ప్రార్థన కూటంలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, ఒక్క ముక్క చెప్పలేక కూచున్నాను.

ఇప్పుడు ఎక్స్‌రే గదికి నేనే పెద్ద. తాళం రెండుసార్లు లాగి చూస్తానని చిన్నవాళ్ళు నా వెనక నవ్వుకుంటారు, నాకు తెలుసు. భయపడే మనిషి పలక ముందుకి వస్తే, భయంగా ఉందా అని అడుగుతాను. ఉందంటే, నాకూ ఉంటుందని చెప్తాను. అలా చెప్పడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. సరస్సుకి మళ్ళీ వెళ్ళాను, ఒడ్డు దాకా. నీళ్ళు రావడం ఒకసారి చూశాను కూడా, బొమ్మ తియ్యలేదు. కానీ నన్ను పట్టి పీడించేది ఆ నీళ్ళు కాదు, ఆ బురదా కాదు. ఆ రోజు ఊబిలో ఆమె ఉండి, ఆమె చేతులు పట్టుకుని నేను పడుకుని ఉంటే, వెనక నుంచి నీళ్ళు వస్తున్నాయని ఆమె మొహంలో నాకు తెలిసి ఉంటే, నేను ఏం చేసేదాన్ని? నన్ను నేను ఎన్నిసార్లు అడిగి చూసుకున్నా నాకు జవాబు తెలియడం లేదు. తిరిగి చూసి ఉండేదాన్నేమోనని భయం.